తెర మీది అంకెకు ఫారంలో చోటేదీ?

గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ఏర్పాటైన కేంద్ర పర్యవేక్షణ మండలి అధ్యక్షులకు, సభ్యులకు



ఈ దేశంలో గర్భిణి పొట్ట మీద స్కానింగ్ ప్రోబ్ ఆనే ప్రతి గదికీ మీ చట్టం కాపలా ఉంది. ఆ గది బయట ఫలానా బోర్డు పెట్టాలని, అది స్థానిక భాషలో కూడా ఉండాలని నియమాలే చెబుతాయి. రిజిస్ట్రేషన్ లేని కేంద్రానికి యంత్రం అమ్మడం నేరం. గర్భిణి పేరు, భర్త పేరు, ఉన్న పిల్లలెందరు, ఇప్పుడు ఎన్నో వారం, ఎవరు పంపారు, 23 కారణాల పట్టికలో దేనికోసం స్కాన్ చేశారు, ఇవన్నీ ఫారం ఎఫ్‌లో పడి తీరాలి. అందులో లోపం ఉంటే చట్టాన్ని ఉల్లంఘించినట్టేనని, కాదని నిరూపించుకునే భారం డాక్టరుదేనని 4వ సెక్షన్ అంటుంది. 2019 మే నెలలో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది కూడా. ఇంత పట్టుగా రాయించుకునే మీరు, ఆ గదిలో కడుపులోని బిడ్డ మీద ఎంత బలమైన ధ్వని తరంగాలు పడ్డాయి, ఎంతసేపు పడ్డాయి అన్న ముక్క మాత్రం ఎందుకు అడగరు? 2014లో ఫారం ఎఫ్‌ను తిరగరాసినప్పుడైనా ఆ ఒక్క గడి అందులోకి ఎందుకు రాలేదు?

ఈ ప్రశ్నకు ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో వెంటనే వచ్చే జవాబు అందరికీ తెలిసిందే: ఇదేమన్నా ఎక్స్-రేనా, వట్టి శబ్దమే కదా! ఇందులో సగం నిజం. అల్ట్రాసౌండ్‌లో అణువులను చీల్చే రేడియేషన్ లేదు. అయితే శబ్దం అంటే శక్తి. శరీరం దాన్ని పీల్చుకుంటే వేడి పుడుతుంది. తరంగం సాగినంతసేపూ కణజాలం మీద ఒత్తిడి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జలాంతర్గాముల జాడ పట్టేందుకు పాల్ లాంజ్‌విన్ అల్ట్రాసౌండ్ పుట్టిస్తే, ఆ తరంగాల దారిలో ఈదిన చేపలు చచ్చాయి, నీళ్లలో చెయ్యి పెడితే నొప్పి పుట్టింది. గర్భిణికి స్కాన్ చేయవచ్చని ఇయాన్ డోనాల్డ్ గ్లాస్గో నుంచి 1958లో ప్రపంచానికి చూపించడానికి నలభై ఏళ్ల ముందు మాట అది. ఈనాటికీ ఫిజియోథెరపీలో బిగుసుకున్న కండరానికి కాపడం పెట్టేదీ, ఒక బిందువు దగ్గర కేంద్రీకరించి గర్భాశయంలో గడ్డలను మాడ్చేదీ ఇదే జాతి తరంగం. తేడా అంతా ఎంత బలంగా, ఎంతసేపు, ఎక్కడ అన్న దాంట్లోనే ఉంది. అలాంటప్పుడు ఎంతో, ఎంతసేపో రాసుకోకుండా 'పూర్తిగా సురక్షితం' అని ఎలా చెప్పగలం?

ధ్వని బలాన్ని ఒకే కొలతతో చెప్పడం కుదరదు. స్కానింగ్ యంత్రం ఎడతెగకుండా శబ్దం చేయదు. సెకనులో పది లక్షలవ వంతు అటూ ఇటూగా ఒక చిన్న స్పందన పంపి, ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గి కూర్చుంటుంది, మళ్లీ పంపుతుంది. సెకనుకు కొన్ని వేల సార్లు ఇదే పని. కాబట్టి సగటున చూస్తే శక్తి స్వల్పం, ఒక్కో స్పందనలో మాత్రం ఒత్తిడి బాగా ఎక్కువ. కాలమంతా కలిపి ఎంత వాన పడిందన్నది ఒక లెక్క, ఒక్క గంటలో ఎంత కుమ్మరించిందన్నది ఇంకో లెక్క. పైరుకు మొదటిది కావాలి, చెరువు కట్టకు రెండోది కావాలి. వేడి ఎంత పుడుతుందో సగటు తీవ్రత చెబుతుంది. కణజాలంలోని సూక్ష్మమైన గాలి బుడగలు ఉబ్బి పగిలే ప్రమాదాన్ని ఆ క్షణపు ఒత్తిడి చెబుతుంది. 4 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌తో మెకానికల్ ఇండెక్స్, అంటే ఎంఐ, 1 దగ్గర ఉందంటే ఆ క్షణంలో కణజాలాన్ని సాగదీసే ఒత్తిడి 2 మెగాపాస్కళ్లు. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 20 రెట్లు. థర్మల్ ఇండెక్స్, అంటే టీఐ, వేడికి సంబంధించినది. కణజాలాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత శక్తి కావాలో లెక్కగట్టి, ఇప్పుడు యంత్రం దానికి ఎన్ని రెట్లు పంపుతోందో చెబుతుంది. ఈ రెండు అంకెలూ ఎవరూ విడిగా కొలవనక్కర్లేదు. స్కాన్ జరుగుతున్నంతసేపూ తెర మీద ఒక మూల కనబడుతూనే ఉంటాయి.

ఆ అంకెలు తెర మీదికి ఎందుకు వచ్చాయో మండలి సభ్యులు ఒకసారి గుర్తు చేసుకోవాలి. అమెరికాలో వైద్య పరికరాల మీద సమగ్ర నియంత్రణ 1976లో మొదలైంది. ఆ నాటికి మార్కెట్లో ఉన్న యంత్రాలనే కొలబద్దగా పెట్టుకుని తరవాత పరిమితులు నిర్ణయించారు. గర్భస్థ శిశువు విషయంలో ఆ పరిమితి చదరపు సెంటీమీటరుకు 94 మిల్లీవాట్లు, గుండెకు 430, చేతులు కాళ్ల రక్తనాళాలకు 720. బొమ్మ ఇంకా స్పష్టంగా రావాలంటే బలం పెంచాలని డాక్టర్లు, తయారీదారులు అడిగారు. 1992 ప్రాంతంలో ఒక ఒప్పందం లాంటిది కుదిరింది. కన్ను తప్ప మిగతా అన్నిటికీ, కడుపులోని బిడ్డతో సహా, 720 మిల్లీవాట్ల దాకా వెళ్లవచ్చు, ఎంఐ 1.9 దాటకూడదు. బదులుగా యంత్రం టీఐ, ఎంఐ అంకెలను తెర మీద చూపించాలి, వాడేవాళ్లు వాటిని చూసుకుంటూ అవసరమైనంత మేరకే బలం వాడాలి. అంటే పిండం మీద పడగల గరిష్ఠ తీవ్రత ఒక్క కలంపోటుతో దాదాపు ఎనిమిది రెట్లు పెరిగింది. పైగా టీఐకి గట్టి పైహద్దు అంటూ లేదు. 6 దాటితే ఎందుకు దాటిందో తయారీదారు సంజాయిషీ ఇవ్వాలి, అంతే. బరువంతా తయారుచేసినవాడి నెత్తి మీంచి దిగి, ప్రోబ్ పట్టుకున్న చేతి మీదికి వచ్చింది. ఆ ప్రమాణాలకు తయారైన యంత్రాలే మన ఊళ్లకూ వచ్చాయి. ఒప్పందంలో మొదటి సగం, అంటే ఎక్కువ బలం, మనకు చెప్పాపెట్టకుండా అందింది. రెండో సగం, అంటే వాడేవాడి మెలకువ, అమలవుతోందా లేదా అని మన దేశంలో చూడవలసింది ఎవరు? ప్రోబ్ పట్టే చేతులకు రిజిస్ట్రేషన్ ఇచ్చే చట్టం మీది కాదా?

మామూలు బొమ్మ తీసేటప్పుడు ధ్వని కిరణం అటూ ఇటూ తుడుస్తూ పోతుంది కాబట్టి ఏ ఒక్క చోటా నిలవదు. టీఐ సాధారణంగా తక్కువే ఉంటుంది. రక్తప్రవాహాన్ని కొలిచే పల్స్‌డ్ డాప్లర్ బటన్ నొక్కగానే సంగతి మారుతుంది. కిరణం ఒకే గీత మీద నిలిచిపోతుంది, స్పందనలు పొడవవుతాయి, ఇంకా దగ్గర దగ్గరగా పడతాయి. తెర మూలన 0.2, 0.3 అంటున్న టీఐ, సెట్టింగును బట్టి 1 దాటుతుంది, 2 కూడా దాటవచ్చు. ఇప్పుడు ఏడో వారం స్కాన్‌ను ఊహించండి. పిండం సెంటీమీటరు పైచిలుకు ఉంటుంది, గుండె ఒక మినుకుమినుకు. గర్భిణికి ధైర్యం చెప్పాలని డాప్లర్ పెట్టి, స్పీకరు పెంచి, గుండె చప్పుడు వినిపిస్తారు. (ఆ చప్పుడు గుండెది కాదు. కదిలే రక్తానికి, గుండె గోడలకు తగిలి తిరిగొచ్చిన తరంగంలోని తేడాను యంత్రం శబ్దంగా మార్చి పెడుతుంది.) అదే గుండె వేగాన్ని, కదలికను తెర మీద గీతగా చూపే ఎం-మోడ్‌లో చాలా తక్కువ బలంతో కొలవవచ్చు, తొలి నెలల్లో అలాగే కొలవమని అమెరికా అల్ట్రాసౌండ్ సంస్థ ఏఐయూఎం చెబుతోంది. 11 నుంచి 14 వారాల మధ్య అవసరమై డాప్లర్ వాడినా టీఐ 1 దాటకూడదని, మామూలుగా 5 నుంచి 10 నిమిషాలకు మించకూడదని ప్రసూతి అల్ట్రాసౌండ్ అంతర్జాతీయ సంఘం ఐఎస్‌యూఓజీ అంటోంది. బ్రిటన్ సంస్థ బీఎంయూఎస్ అయితే ఏకంగా సమయపట్టిక వేసింది: టీఐ 0.7 దాటితే గంట, 1 దాటితే అరగంట, 2 దాటితే 4 నిమిషాలు, 2.5 దాటితే ఒక్క నిమిషం, 3 దాటితే పిండం మీద అసలు వద్దు. మన గదుల్లో ఈ గడియారాన్ని ఎవరు చూస్తున్నారు?

యంత్రం చూపించే అంకెకు కూడా హద్దులున్నాయి. దారిలో కణజాలం ఇంత శక్తిని పీల్చుకుంటుందని ఒక సగటు అంచనా వేసుకుని యంత్రం ఆ లెక్క కడుతుంది. ఆ లెక్కన 3.5 మెగాహెర్ట్జ్ తరంగం ఆరు సెంటీమీటర్లు దాటేసరికి నాలుగో వంతు కన్నా తక్కువే మిగలాలి. అయితే తొలి నెలల్లో పొట్ట మీదుగా స్కాన్ అంటే మన దగ్గర మొదట చెప్పే మాట, నీళ్లు బాగా తాగి రండి అని. మూత్రాశయం నిండితే బొమ్మ బాగా వస్తుంది, నిజమే. కానీ ఆ నీటిలో ధ్వని దాదాపు తరగదు. యంత్రం అనుకున్న దానికన్నా ఎక్కువే పిండాన్ని చేరుతుంది. సన్నగా, పొట్ట మీద కొవ్వు లేకుండా ఉండే గర్భిణుల విషయమూ అంతే. పదో వారం దాటి ఎముక గట్టిపడే కొద్దీ అది మెత్తటి కణజాలం కన్నా ఎక్కువ ధ్వనిని పీల్చుకుని వేడెక్కుతుంది. అందుకే అప్పటి నుంచి చూడవలసిన అంకె మెత్తటి కణజాలానికి లెక్కగట్టే టీఐఎస్ కాదు, ఎముకకు లెక్కగట్టే టీఐబీ. తల్లికి జ్వరం ఉంటే బిడ్డ అప్పటికే వేడి మీద ఉంది, స్కాన్ వేడి దాని పైన చేరుతుంది. పిండం ఉష్ణోగ్రత 41 డిగ్రీలకు చేరి 5 నిమిషాలు నిలిస్తే హాని జరగవచ్చని అల్ట్రాసౌండ్ ప్రపంచ సమాఖ్య ఎప్పుడో హెచ్చరించింది. డెంగీ జ్వరంతో వచ్చిన గర్భిణికి, మామూలుగా వచ్చిన గర్భిణికి ఒకే సెట్టింగు వాడుతున్నారో లేదో రేపు ఎవరైనా పరిశోధించాలన్నా ఆధారం దొరకదు. ఫారం ఎఫ్ ఆ సంగతి అడగదు మరి.

ఇన్ని కోట్ల స్కాన్లు జరిగాయి, మనుషుల్లో ఒక్క హానీ రుజువు కాలేదు కదా అంటారు. గట్టి వాదనే, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 2,800 మందికి పైగా గర్భిణులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు డాప్లర్‌తో సహా ఐదు సార్లు స్కాన్ చేశారు. 1993లో వచ్చిన ఫలితాల్లో ఆ గుంపు పిల్లలు కొందరు తక్కువ బరువుతో పుట్టినట్టు కనిపించింది. 2004లో మళ్లీ చూస్తే ఏడాది నిండేసరికి ఆ తేడా పోయింది, 8 ఏళ్ల దాకా మళ్లీ కనబడలేదు. కడుపులో ఉండగా స్కాన్ అయిన నార్వే పిల్లల్లో చదవడం, రాయడంలో తేడా ఏమీ లేదు. మగపిల్లల్లో కుడిచేతి వాటం కానివాళ్లు ఒకింత ఎక్కువున్నారు, దాని అర్థమేమిటో ఇప్పటికీ తేలలేదు. యేల్ విశ్వవిద్యాలయంలో పాస్కో రాకిక్ బృందం 2006లో గర్భంతో ఉన్న ఎలుకల మీద అరగంట, అంతకు పైన అల్ట్రాసౌండ్ పంపితే పిల్లల మెదడులో కొద్దిపాటి న్యూరాన్లు చేరవలసిన పొరకు చేరలేదు. ఎలుక పిల్ల మెదడు ఎంతని, అంతసేపు ఒకే చోట ఎవరు స్కాన్ చేస్తారని ఎదురు అడగవచ్చు; అడగాలి కూడా. గాలి నిండిన ఊపిరితిత్తుల్లో రక్తస్రావం అయిందని ఎలుకల మీద 1990 నుంచీ రుజువులున్నా, కడుపులో బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలి ఉండదు కాబట్టి ఆ భయం అక్కడ వర్తించదు. ఇవన్నీ కలిపి చూస్తే స్కాన్ ప్రమాదకరమని తేలదు, ఒప్పుకుంటాను. కానీ మనుషుల మీది ఈ ఊరటనిచ్చే ఆధారాల్లో అత్యధికం 1992కు ముందటి యంత్రాలవి, అంటే ఆ 94 మిల్లీవాట్ల కాలానివి. ఎనిమిది రెట్ల బలానికి పాత భరోసాను ఎలా అతికిస్తాం? కొత్త భరోసా రావాలంటే ఎవరికి ఎంత తగిలిందో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. రాయకుండానే హాని కనబడలేదంటే, చూడలేదు కాబట్టి కనబడలేదని కదా!

డాక్టర్లకు ఇవన్నీ తెలుసు, చట్టం జోక్యం ఎందుకు అనేవాళ్లకు 2007లో అమెరికాలో వచ్చిన ఒక సర్వే చూపించాలి. అల్ట్రాసౌండ్ వాడే 130 మందిని అడిగితే, థర్మల్ ఇండెక్స్ అంటే ఏమిటో సరిగా చెప్పినవాళ్లు 18 శాతం లోపు, మెకానికల్ ఇండెక్స్ చెప్పినవాళ్లు 4 శాతం లోపు. ఆ అంకెలు తమ యంత్రంలో ఎక్కడ కనిపిస్తాయో ఐదుగురిలో నలుగురికి తెలియదు. అంకె తెర మీదే ఉంది, కళ్లెదుటే ఉంది! అక్కడే అలా ఉంటే, మన దగ్గర అంతకన్నా మెరుగని అనుకోవడానికి ఆధారమేమిటి? ఎంబీబీఎస్ డాక్టర్లకు ఆరు నెలల అల్ట్రాసౌండ్ శిక్షణ, చివర పరీక్ష ఉండాలని 2014లో నియమాలు వచ్చాయి. ఆ పరీక్షలో అభ్యర్థిని యంత్రం ముందు నిలబెట్టి, టీఐబీ ఎక్కడుందో చూపించు, బొమ్మ చెడకుండా దాన్ని సగానికి తగ్గించి చూపించు అని అడుగుతున్నారా? ఇది డాక్టర్ల మీద నేరారోపణగా తీసుకోవద్దు. ఎవరూ అడగని దాన్ని ఎవరు మాత్రం గుర్తుపెట్టుకుంటారు?

గర్భిణులు భయపడి స్కాన్లు మానేస్తారన్నది ఇంకో అభ్యంతరం. స్కాన్ మానకూడదు, అందులో రెండో మాట లేదు. ఎదుగుదల లోపాలు, మాయ కిందికి రావడం, కవలలు, ఇవన్నీ ముందే తెలియడం వల్ల నిలిచిన ప్రాణాలకు లెక్కలేదు. 2022 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం 44 ఆసుపత్రుల్లో, బిడ్డలో లోపాలు వెతికే టిఫా స్కాన్ యంత్రాలు 56 ప్రారంభించింది; బయట వేలు పోసి చేయించుకోలేని ఆడవాళ్లకు అది నిజమైన మేలు. అయితే ఇప్పుడు పుట్టబోయే దాదాపు ప్రతి బిడ్డా ఈ కిరణం దారిలోంచే వస్తోంది. అపాయం ఎంత చిన్నదైనా అందరికీ తగిలేది కాబట్టే లెక్క ఉండాలి. భయం సంగతికి వస్తే, మీ చట్టంలోని 5వ సెక్షన్‌ను మీరే మళ్లీ చదవండి. ప్రసవానికి ముందు చేసే నిర్ధారణ పరీక్షల నిర్వచనంలో అల్ట్రాసౌండ్ పేరు పెట్టి మరీ ఉంది. అలాంటి పరీక్షకు ముందు తెలిసిన దుష్ప్రభావాలన్నీ గర్భిణికి వివరించాలని ఆ సెక్షన్ అంటోంది. ఆచరణలో అది సూది గుచ్చే పరీక్షలకు ఫారం జి అయింది. అల్ట్రాసౌండ్ దగ్గరికి వచ్చేసరికి, బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలని నాకు లేదు అని ఆమె చేతే సంతకం చేయించుకోవడంతో సరిపెట్టారు. ఆమె నుంచి హామీ తీసుకున్నారు. మరి ఆమెకు ఇవ్వవలసిన వివరణ ఏమైంది? 'అమ్మా, ఇది అవసరమైన పరీక్ష, వేడి ఇంతే పుడుతుంది, ఇదిగో అంకె, హద్దు లోపలే ఉంది' అని అర నిమిషంలో చెప్పే మాటకు ఏ తల్లి బెదిరిపోతుంది?

చివరి అభ్యంతరంతో నాకు సగం ఏకీభావమే. ఫారం ఎఫ్ ఇప్పటికే డాక్టర్లకు గుదిబండ. ఒక అక్షరం తప్పితే యంత్రానికి సీలు పడుతుందన్న భయంలో బతుకుతున్నారు. అందుకని టీఐ గడిని 4వ సెక్షన్ శిక్షల చట్రంలోకి తేవద్దు. తెచ్చారా, రేపటి నుంచి దేశమంతటా ప్రతి ఫారంలోనూ 0.4 అనే రాసి ఉంటుంది; యంత్రం చూసి రాసేవాడు ఉండడు. నిజానికి చేత్తో రాయనక్కర్లేదు. సేవ్ చేసిన ప్రతి బొమ్మ మీదా ఆ అంకెలు అచ్చయ్యే ఉంటాయి. రికార్డులు రెండేళ్లు దాచాలని నియమం ఇప్పటికే ఉంది. వాటితోపాటు డాప్లర్ వాడిన రెండు మూడు బొమ్మలు అంకెలు చెరగకుండా దాస్తే చాలు. ఇది మా పని కాదు, వైద్య పరికరాలను చూసే కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థదని మీరు అనవచ్చు. 2020 నవంబరు నుంచి అల్ట్రాసౌండ్ యంత్రాలు ఆ సంస్థ పరిధిలోకి వచ్చిన మాట నిజమే. ఆ సంస్థ యంత్రం మార్కెట్లోకి వచ్చేటప్పుడు చూస్తుంది. ఏ గదిలో ఏ నాబ్ ఎంత తిప్పారో దానికి కనబడదు. ఆ గది తలుపు తట్టే అధికారం మీ జిల్లా అధికారులకే ఉంది. లింగ నిర్ధారణ ఆపడం ఒక్కటే మా లక్ష్యం అంటే, ఈ పరీక్షల వినియోగం మీదా దుర్వినియోగం మీదా ప్రభుత్వానికి విధానపరమైన సలహా ఇవ్వాలని, నియమాల్లో మార్పులు సిఫార్సు చేయాలని, కేంద్రాల్లో పనిచేసేవారికి ప్రవర్తనా నియమావళి రూపొందించాలని 16వ సెక్షన్ మీకు అప్పగించిన బాధ్యత ఎవరు మోయాలి?

చట్టం ప్రకారం మండలి ఆరు నెలలకొకసారైనా సమావేశం కావాలి. వచ్చే సమావేశం ఎజెండాలో ఈ విషయం చేర్చండి. పది వారాల లోపు గుండె వేగానికి ఎం-మోడ్ వాడాలని, డాప్లర్ పెడితే కారణం, టీఐ, నిమిషాలు బొమ్మతో సహా దాచాలని ప్రవర్తనా నియమావళిలో రాయండి. ఆరు నెలల శిక్షణ పరీక్షలో తెర ముందు నిలబెట్టి అడిగే ఒక ప్రశ్న పెట్టించండి. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వచ్చినప్పుడు గర్భిణి స్కాన్‌కు యంత్రం ఏ బలంతో మొదలయ్యేలా సెట్ చేసి ఉందో చూడమని జిల్లా అధికారులకు చెప్పండి. చాలా యంత్రాల్లో దాన్ని తక్కువకు మార్చి పెట్టడం రెండు నిమిషాల పని. వీటిలో ఏదీ వద్దనుకుంటే, ఎందుకు వద్దనుకున్నారో ఆ సమావేశం మినిట్స్‌లో రాసి, వాటిని అందరూ చదివేలా బయటపెట్టండి.